ఊడిపోయే పండ్లే కదా!



మా బడిలో ఒకటో తరగతి పిల్లలకు ఒక పండుగ ఉంది. అది ఏ పంచాంగంలోనూ కనిపించదు. ముందుపన్ను ఊడిన రోది. ఊడిన పన్నును నోటుపుస్తకం కాగితంలో చుట్టుకొని జేబులో వేసుకొని వస్తారు. బెంచీ బెంచీకీ తిప్పి చూపిస్తారు. సాయంత్రం ఇంటికి వెళ్ళాక దాన్ని పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి విసిరేస్తారు. కొత్త పన్ను త్వరగా, తిన్నగా వస్తుందని నమ్మకం. అంతటితో పాలపన్ను కథ ముగిసినట్టే.

పన్ను ఊడినప్పుడు ఇంత సంబరం చేసే మనం, అది నోట్లో ఉన్న ఐదారేళ్ళూ దాన్ని ఎలా చూశాం? పుచ్చిపోయినా, చిగురు వాచినా, నెత్తురు కారినా మనం అనే మాట ఒక్కటే: “ఊడిపోయే పండ్లే కదా!” పళ్ళను మా వైపు పండ్లనే అంటారు. ఈ మాట అవ్వ అంటుంది, నాయన అంటాడు, బడిపంతులు కూడా అంటాడు. దీని వెనుక చాలా పాత చరిత్ర ఉంది. ఈ రోజు ఆ చరిత్రనే మీ ముందు పెట్టదలచాను.

మాది సిరుగుప్ప. ‘సిరి కుప్ప’ అని పెద్దలు మా ఊరి పేరుకు అర్థం చెబుతారు. పక్కనే తుంగభద్ర పారుతుంది. ఇంట్లో తెలుగు, అంగడిలో కన్నడం మాట్లాడే ఊరు మాది. మా పిల్లలు పాలపళ్ళను ఇంట్లో ‘పాలపండ్లు’ అంటారు, బయట ‘హాలు హల్లు’ అంటారు. తెలుగులో ‘ప’ ఉన్న చాలా మాటలకు కన్నడంలో ‘హ’ వస్తుంది. పాలు హాలవుతుంది, పులి హులి అవుతుంది. చిగుళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారులు వేరు. కన్నడం వారు ‘వసడు’ అంటారు. తెలుగువారు కొమ్మకు వచ్చే లేత ఆకునూ, పన్ను మొలిచే చోటునూ కలిపి ‘చిగురు’ అన్నారు. ఎంత చక్కని చూపు! మొలిచే చోటు లేతది, దాన్ని కాపాడుకోవాలి అనే భావం ఆ మాటలోనే ఉంది. సంస్కృతంలో పన్నుకు ‘ద్విజం’ అని పేరు, రెండుసార్లు పుట్టేది అని అర్థం. మనం రెండో పుట్టుకను గౌరవించాం, మొదటి పుట్టుకను లెక్కలోకి తీసుకోలేదు. నేను చెప్పదలచిన చరిత్ర సారాంశం ఇదే.

సిరుగుప్ప నుంచి బళ్ళారి వెళ్ళే దారిలో తెక్కలకోట ఉంది. అక్కడి రాతి గుట్టల మీద 1963, 1965 మధ్య ఎం.ఎస్. నాగరాజరావుగారు తవ్వకాలు జరిపారు. మూడున్నర వేల ఏళ్ళకు పూర్వం అక్కడ గుండ్రని గుడిసెలు వేసుకొని పశువులను మేపుతూ, పైరు పెట్టుకుంటూ బతికిన మనుషుల ఆనవాళ్ళు బయటపడ్డాయి. చనిపోయిన చిన్నపిల్లలను వారు మట్టి కుండల్లో పెట్టి పూడ్చేవారు. ఆ కుండలను తలచుకున్నప్పుడల్లా, బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖానికి వయసు లేదనిపిస్తుంది. బళ్ళారి పక్కనున్న సంగనకల్లు తవ్వకాల్లో ఆనాటి గింజలు దొరికాయి. వాటిలో చిరుధాన్యాలు, ఉలవలు, పెసలు ఉన్నాయి. ఆ పిల్లల తిండిలో చక్కెర లేదు. అలాగని ఆనాటి నోళ్ళన్నీ ముత్యాల వరుసలని అనుకోవద్దు. మనిషి సేద్యం నేర్చి గింజలు ఉడకబెట్టుకొని తినడం మొదలుపెట్టినప్పటి నుంచే పళ్ళ పుచ్చు పెరిగిందని ప్రపంచంలో చాలాచోట్ల ఎముకలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఇప్పటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో ఏడువేల ఏళ్ళకు పూర్వమే దవడ పళ్ళకు సన్నని బెజ్జాలు తొలిచిన ఆనవాళ్ళు దొరికాయి. ఈ సంగతి 2006లో లోకానికి తెలిసింది. అవి పెద్దవాళ్ళ పళ్ళు. పంటి బాధ గురించి మనిషి ఆలోచించడం మొదలుపెట్టినప్పుడు కూడా మొదట తన పన్నునే చూసుకున్నాడు.

తరువాత మన వైద్య గ్రంథాలను చూద్దాం. సుశ్రుత సంహితలో పలుదోము పుల్ల గురించి వివరంగా ఉంది. పన్నెండు అంగుళాల పొడవు, చిటికెన వేలంత లావు ఉండాలి. చేదు చెట్లలో వేప మేలు, కారపు చెట్లలో కానుగ మేలు, వగరు చెట్లలో చండ్ర మేలు అని చెప్పింది. ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు అని గుర్తుంచుకోవాలి. మా తాతల కాలం దాకా మా వైపు పొలం గట్ల మీద వేపపుల్ల, కానుగ పుల్ల, ఉత్తరేణి వేరు నడుస్తూనే ఉన్నాయి. పుల్లను నమిలి కుంచెలా చేసి తోముకుంటే పళ్ళ మీది పాచి పోతుంది, చిగుళ్ళకు మర్దన అవుతుంది. ఇది మంచి అలవాటే. కానీ ఒక్క ప్రశ్న వేసుకుందాం. రెండేళ్ళ బిడ్డ వేపపుల్లను నమలగలదా? చిటికెన వేలంత పుల్ల ఆ నోట్లో పడుతుందా? ఇంటిల్లిపాదీ అరుగు మీద కూర్చొని పళ్ళు తోముకుంటుంటే, పాలపళ్ళ బిడ్డ పక్కన కూర్చొని చూస్తూ ఉంటుంది. నోరు కడిగి, మొహం తుడిచి, చేతిలో బెల్లం ముక్క పెట్టేవారు.

మన పూర్వులు పసిపిల్లల పళ్ళను బొత్తిగా మరచిపోయారని కూడా అనలేం. బాలవైద్యానికే అంకితమైన కాశ్యప సంహితలో పళ్ళు మొలవడం గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. అయితే ఆ జ్ఞానం ఇంటింటి అలవాటు కాలేదు. దాని స్థానంలో ఒక భయం నిలిచింది. పళ్ళు వచ్చేటప్పుడు జ్వరం, విరేచనాలు మామూలే అన్న నమ్మకం అది. ఈ నమ్మకం మనదొక్కటే కాదు. ఐరోపాలో కొన్ని శతాబ్దాల పాటు పసిబిడ్డల చావులకు ‘పళ్ళు రావడం’ అని కారణం రాసుకున్నారు. పన్ను సులువుగా బయటికి రావాలని వైద్యులే చిగురును కత్తితో చీరేవారు. ఈ పద్ధతి ఇరవయ్యో శతాబ్దం ఆరంభం దాకా సాగింది. ఆ వయసులో బిడ్డ పాకడం నేర్చి, నేల మీద దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. విరేచనాలు అక్కడి నుంచి వస్తాయి, పంటి నుంచి కాదు. పన్ను మొలిచేటప్పుడు చిగురు కాస్త ఎర్రబడుతుంది, చొంగ కారుతుంది, బిడ్డ చిరాకు పడుతుంది. అంతకు మించి గట్టి జ్వరం, విరేచనాలు ఉంటే నేరాన్ని పంటి మీదికి తోసి ఊరుకోకూడదు.

శ్రోతలారా, చిగుళ్ళ జబ్బు ప్రాణం తీస్తుందంటే మీరు నమ్మరు. కానీ కరువు కాలపు చరిత్రలో అలాంటి జబ్బు ఒకటి ఉంది. 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని కాల్చిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. ఆ కరువులో అందరికంటే ఎక్కువగా నలిగిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి. తిండి లేక డొక్కలు ఎండిన పిల్లలకు అమ్మవారు, తట్టు వంటివి సోకినప్పుడు నోరు మొదట పాడవుతుంది. వైద్యులు ‘నోమా’ అని పిలిచే జబ్బు ఇలాంటి పరిస్థితుల్లోనే పుడుతుంది. రెండు నుంచి ఆరేళ్ళ మధ్య పిల్లలకు ఎక్కువగా వస్తుంది. చిగురు మీద చిన్న పుండుగా మొదలై, కొద్ది రోజుల్లోనే బుగ్గను తినేస్తుంది. వైద్యం అందకపోతే పదిమందిలో తొమ్మిదిమంది దాకా చనిపోవచ్చు. ఐరోపాలో కడుపునిండా తిండి దొరికిన కాలానికి ఈ జబ్బు దాదాపు మాయమైంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీల నిర్బంధ శిబిరాల్లో మళ్ళీ కనిపించింది. అంటే ఇది ఆకలి రోగం. ఆఫ్రికా పేద దేశాల్లో ఇప్పటికీ పిల్లలను కబళిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీన్ని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. ఇది మన పిల్లల్లో రోజూ చూసే జబ్బు కాదు, భయపడవలసిన పని లేదు. కానీ చిగురు అంటే పంటి చుట్టూ ఉన్న వట్టి కండ కాదని, బిడ్డ తిండి ఎలా ఉందో చెప్పే అద్దమని ఈ చరిత్ర గుర్తు చేస్తుంది.

ఇక పళ్ళపొడుల కాలానికి వద్దాం. పల్లెల్లో బొగ్గు, పిడక కచ్చిక, ఊక బూడిద, ఉప్పు ఉండేవి. 1913లో మైసూరు సీమలోని నంజనగూడులో బి.వి. పండిత్‌గారు సద్వైద్యశాల స్థాపించారు. అక్కడి నుంచి వచ్చిన నంజనగూడు పళ్ళపొడి కర్ణాటకంలో ఇంటింటి పేరయింది. 1937లో కోల్గేట్ సంస్థ మన దేశానికి వచ్చింది. నైలాను కుచ్చుల బ్రష్షు 1938లో అమెరికాలో పుట్టింది. ఈ వస్తువులన్నీ పట్నం నుంచి పల్లెకు, పెద్దల నుంచి పిల్లలకు మెల్లగా దిగివచ్చాయి. పెద్దాయనకు బ్రష్షు, బడికి పోయేవాడికి పళ్ళపొడి, బడికి పోని పసివాడికి తల్లి చీరకొంగు. వరుస అది.

అదే కాలంలో మరో వస్తువు మాత్రం వరుస తప్పి, అందరికంటే ముందు పసివాడి చేతికే అందింది. అది చక్కెర. 1932లో దేశంలో చక్కెర పరిశ్రమకు రక్షణ చట్టం వచ్చింది. నాలుగైదేళ్ళలోనే మిల్లుల సంఖ్య నూరు దాటింది. 1953 మా సీమకు రెండు విధాల పెద్ద సంవత్సరం. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి, సిరుగుప్ప, బళ్ళారి ఇటు మైసూరులో చేరాయి. ఆ ఏడే తుంగభద్ర ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారాక జొన్నలు, కొర్రల స్థానంలో వరి వచ్చింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ఇది మేలే, ఎవరూ కాదనరు. కానీ డబ్బుతో పాటు పిప్పరమెంటు, బిస్కట్టు, తీపి టీ కూడా వచ్చాయి. ఏడ్చే పిల్లవాడిని ఊరుకోబెట్టే సులువైన మార్గం దొరికింది. ఎల్లలు అటూ ఇటూ మారినా, రెండు వైపులా పిల్లల నోళ్ళు ఒకే దారిలో నడిచాయి.

చక్కెర పళ్ళను ఎలా పాడుచేస్తుందో స్వీడన్ దేశంలో తేల్చారు. అక్కడి విపెహోల్మ్ అనే ఆసుపత్రిలో బుద్ధి ఎదగని రోగులకు 1940ల చివర జిగురు మిఠాయిలు పెట్టి పరీక్షించారు. ఫలితాలు 1954లో వెలువడ్డాయి. ఎంత తీపి తిన్నామన్న దానికంటే, ఎన్నిసార్లు తిన్నాం, అది పంటికి ఎంతసేపు అంటుకుంది అన్నదే ముఖ్యమని తేలింది. తమకేం జరుగుతుందో తెలియని, కాదనే శక్తి లేని మనుషుల పళ్ళు చెడగొట్టి నేర్చుకున్న పాఠమిది. ఆ అన్యాయాన్ని తరువాత లోకం గర్హించింది. అంత మూల్యం చెల్లించి వచ్చిన జ్ఞానాన్ని వాడుకోకపోవడం మరో అన్యాయం.

చిగుళ్ళ సంగతి తేల్చింది డెన్మార్క్. 1965లో హరాల్డ్ లోయె అనే దంతవైద్యుడు, ఆయన సహచరులు పన్నెండుమంది ఆరోగ్యవంతుల చేత పళ్ళు తోముకోవడం మాన్పించారు. మూడు వారాలు తిరగకముందే అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టగానే కుదుటపడ్డాయి. పంటి మీద పేరుకునే పాచే చిగుళ్ళవాపుకు మూలమని రుజువైంది. 1978లో స్వీడన్‌లో లార్స్ మాట్సన్ అనే పరిశోధకుడు ఇదే పరీక్షను నాలుగైదేళ్ళ పిల్లలతో చేసి పెద్దవారితో పోల్చాడు. ఆశ్చర్యమేమంటే, అంతే పాచి పట్టినా పిల్లల చిగుళ్ళు పెద్దలంత వాచలేదు. పసి చిగురుకు ఓర్పు ఎక్కువన్నమాట! దీనర్థం ఏమిటి? నాలుగేళ్ళ బిడ్డకు చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోందంటే, ఆ ఓర్పు గల చిగురు చాలాకాలంగా భరించి భరించి ఇప్పుడు మొర పెట్టుకుంటోందని అర్థం. లేదా లోపల మరేదో జబ్బు ఉందని అర్థం. రెండింటిలో ఏదైనా చూపించుకోవలసిందే.

ఒక్కోసారి పసిపిల్లలకు ఉన్నట్టుండి జ్వరం వచ్చి, చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి, నోటినిండా పొక్కులు లేచి, ముద్ద మింగలేని స్థితి వస్తుంది. ఇది ఒక వైరస్ వల్ల వచ్చేది. వారం, రెండు వారాల్లో తగ్గుతుంది. అప్పుడు కారం, పులుపు మాని చల్లని గంజి, మజ్జిగ వంటివి కొద్దికొద్దిగా పడుతూ ఉండాలి, వైద్యునికి చూపించాలి. బిడ్డ ఒంట్లో నీరు తగ్గిపోకుండా చూడటమే అసలు వైద్యం.

పాలపళ్ళ వయసు ఎంత విలువైనదో తెలుగు నేల మీదే మరో రూపంలో బయటపడింది. 1937లో నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించి షార్ట్, ఆయన సహచరులు లోకానికి తెలియజేశారు. భారతదేశంలో ఈ వ్యాధిని వర్ణించిన తొలి నివేదికల్లో అది ఒకటి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల సంగతి అది. ఇవి 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరాయి. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న బావి నీళ్ళు తాగిన పిల్లలకు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు వచ్చేవి. ఆ మచ్చలు కనిపించేది ఏడెనిమిదేళ్ళకు, పక్కా పళ్ళు వచ్చాక. కానీ మచ్చ పడేది అంతకు చాలా ముందు, పక్కా పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతున్నప్పుడు. బిడ్డ రెండు మూడేళ్ళప్పుడు తాగిన నీళ్ళు ఆ పంటి మీద రాత రాశాయి. బళ్ళారి జిల్లాలో కూడా కొన్నిచోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది.

ప్రభుత్వం చూపు పసిపిల్లల మీద పడింది 1975లో. ఆ సంవత్సరం అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల అంగన్‌వాడీ పథకం మొదలైంది. కర్ణాటకంలో తొలి కేంద్రాలు టి. నరసీపురలో వెలిశాయి. బరువు తూచడం, టీకాలు, పౌష్టికాహారం, ఆటపాటలు అన్నీ వచ్చాయి. కానీ నోరు తెరిపించి చూడటం చాలాకాలం ఆనవాయితీ కాలేదు. 2002, 2003 సంవత్సరాల్లో దేశవ్యాప్తంగా జరిగిన నోటి ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళ పిల్లల్లో సగం మందికి పైగా పుచ్చిపళ్ళు ఉన్నట్టు తేలింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు వైద్య బృందం పరీక్షించాలి. వారు చూడవలసిన జబ్బుల జాబితాలో పళ్ళ జబ్బులు కూడా ఉన్నాయి. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు తక్కువ. బృందం వచ్చిన రోజు “మా బిడ్డ నోరు కూడా చూడండమ్మా” అని అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట నా తరగతిలో ఏడేళ్ళ పిల్లవాడు ఒకడు ఎప్పుడూ బుగ్గకు చెయ్యి ఆనించుకొని కూర్చునేవాడు. లెక్కలు చెబుతుంటే కళ్ళు మూసుకునేవాడు. సోమరితనం అనుకున్నాను. వాళ్ళ నాయన వచ్చి, “పండు నొప్పంట సార్, ఏం చేద్దాం?” అని అడిగాడు. నేను వాడి నోట్లోకి తొంగి చూసి, “ఊడిపోయే పన్నే లేప్పా, ఇంకోటి వస్తుంది” అన్నాను. చదువుకున్న సారు చెప్పాడు గదా అని ఆయన ఊరుకున్నాడు. రెండు నెలలకు దవడ వాచింది. బళ్ళారికి తీసుకుపోతే పన్ను పీకక తప్పలేదు. అది పాలపన్ను కాదని డాక్టరు చెప్పారట. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, నాలుగు దవడ పళ్ళు కొత్తగా మొలుస్తాయి. అవి జీవితాంతం ఉండవలసినవి. వాడి పాలపళ్ళు అంగన్‌వాడీ రోజుల నుంచే పుచ్చి ఉన్నాయి. కొత్తగా వచ్చిన పన్ను ఆ పుచ్చు మధ్యనే కళ్ళు తెరిచింది. బి.ఇడి.లో నేను బాలల మనస్తత్వ శాస్త్రం చదివాను, మంచి మార్కులే వచ్చాయి. బాలల నోట్లో ఎన్ని పళ్ళుంటాయని మాత్రం నన్ను ఏ పరీక్షలోనూ అడగలేదు, నేనూ తెలుసుకోలేదు. ఆ పిల్లవాడు పన్ను పీకించుకొని వచ్చిన రోజు కాగితంలో చుట్టి ఎవరికీ చూపించలేదు.

అందుకే ఇప్పుడు మా వీధి తల్లులకు నేను చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. పాలపళ్ళు ఇరవై. ఆరో నెల నుంచి రెండున్నరేళ్ళ లోపు వస్తాయి. అవి నమలడానికి, మాట స్పష్టంగా రావడానికి, వెనక వచ్చే పంటికి చోటు పట్టి ఉంచడానికి పనికొస్తాయి. పాలపంటి వేళ్ళ కిందనే పక్కా పంటి మొగ్గ ఉంటుంది. పైన చీము పడితే కింద మొగ్గకు హాని. పన్ను రాకముందు పాలు తాగాక తడి గుడ్డతో చిగురు తుడవండి. మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే మెత్తని చిన్న బ్రష్షు వాడండి. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత పేస్టు, ఆపైన బఠాణీ గింజంత చాలు. మీ నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే ఏ పేస్టు వాడాలో డాక్టరును అడగండి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పెద్దవాళ్ళే తోమించాలి. రాత్రి తోమాక నీళ్ళు తప్ప మరేమీ వద్దు. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చవద్దు. తీపి పెట్టాలనుకుంటే అన్నంతో పాటు పెట్టండి, గంటగంటకూ చేతికివ్వకండి. బొగ్గు, ఇటుకపొడి, నశ్యం బిడ్డ చిగురుకు తాకనివ్వకండి. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. తోమినప్పుడు నెత్తురు వస్తే తోమడం మానకండి, మెత్తగా తోముతూ ఉండండి. వారం పది రోజులకూ తగ్గకపోతే, లేదా వయసు రాకుండానే పళ్ళు కదిలితే ఆసుపత్రికి వెళ్ళండి.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన సామెత. మాట మంచితనం గురించి చెప్పిన సామెత అది. మా ఊరి పసిపిల్లల నోళ్ళు చూశాక దాన్ని ఉన్నదున్నట్టుగా, మామూలు అర్థంలోనే తీసుకోవాలనిపిస్తుంది. పాలపన్ను ఊడిపోయేదే, నిజమే. కానీ అది తన వేళకు తానే ఊడాలి. మనం ఊడగొట్టకూడదు. అప్పుడే మిద్దె మీదికి విసిరే ఆ పేడముద్ద నిజంగా పండుగ అవుతుంది.